టైరు మీద ముగ్గుగీత

కార్ల పందెంలో నేను ఆఖరుకొచ్చిన సంగతి నాకంటే ముందే మెదక్ చేరింది. పందెం చూడటానికి పట్నం వచ్చిన మా వీధి వాళ్లిద్దరు సాయంత్రం బస్సు పట్టుకుని వెళ్లిపోయారు. నేనేమో ఇంట్లో మొహం చూపించాలంటే సిగ్గుపడి, కనపడ్డ హోటలు దగ్గరల్లా ఆగి చాయ్ తాగుతూ నెమ్మదిగా వచ్చాను. బస్టాండు దగ్గర ఒక పెద్దమనిషి కారు కిటికీలో తల పెట్టి, "ఏం తమ్మీ, అందర్ని ముందర పంపి నువ్వు ఎనుక కావలి కాసినవట గదా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆయన మాటలో అబద్ధం ఏమీ లేదు మరి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు అటూ ఇటూ అయిన కాలం అది. మాకు ఒక పాత నల్లకారు ఉండేది. నాయిన దాన్ని ఒక దొరగారి దగ్గర కొన్నాడు. కొన్నది ఆయన, నడిపేది నేను. ఏడుపాయల పోయే భక్తులు, శివ్వంపేట పోయే పెళ్లివాళ్లు, పట్నం దవాఖానకు పోయే రోగులు, వీళ్ల కిరాయిలతోనే మా కారు బతికేది. పట్నం అవతల వాడకంలో లేని విమానాల మైదానం ఒకటుండేది. దసరా వెళ్లాక కార్ల పిచ్చి ఉన్న కొందరు అక్కడ చిన్న కార్లకు పందెం పెట్టేవారు. అసలు సిసలు పందెపు కార్లు అక్కడికి వచ్చేవి కావు. డాక్టర్ల కార్లు, మిల్లు యజమానుల కార్లు, నాలాంటి కిరాయి బండ్లు వెనక సీటు ఊడబీక్కుని, తలుపు మీద సున్నంతో నంబరు వేయించుకుని వరసగా నిలబడేవి. చూడటానికి నవ్వొచ్చే పందెమే. లోపల కూర్చున్నవాడికి మాత్రం నవ్వు రాదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు నాయిన తల ఎత్తకుండానే తన మాట చెప్పాడు. "కిరాయి కారును పందేలల్ల ఉరికిస్తె దాని పానం పోతది. మీ అవ్వ మొహం జూసి ఇంకొక్కసారి ఒప్పుకుంటున్న. వచ్చేయేడు ముందల వచ్చిన ముగ్గుర్ల నువ్వు ఒకనివి గావాలె. గాకపోతె కారు అమ్ముత. నువ్వు నాగలి పడ్తవ్."

నాయిన ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. నాగలి అంటే నాకు చిన్నచూపేమీ లేదు, మా ఇంట్లో అందరూ పట్టినదే. కానీ కారు పోతే నేను ఏమైపోతానో నాకు తెలియదు. పొద్దున్నే బానెట్ మీది మంచు తుడిచి, ఇంజను అందుకున్న చప్పుడు విన్నాకే నాకు ఆకలి వేసేది. అంత పిచ్చి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఎందుకు ఓడిపోయానంటే ఇంజను మీద చెప్పాను, పెట్రోలు మీద చెప్పాను, ఎండ మీద కూడా చెప్పాను. మూలమలుపుల్లో కారు తడిబండ మీద సబ్బుబిళ్లలా జారిపోతుంటే దానికి కారణం టైర్లని నాకు తట్టనే లేదు. టైర్లలో గాలి ఎంత గట్టిగా ఉంటే బండి అంత జోరుగా పోతుందని నా నమ్మకం. మెదక్ డ్రైవర్లందరి నమ్మకమూ అదే. పందెం ముందు నేను కొట్టించిన గాలికి టైరును వేలితో తడితే ఇత్తడి బిందెలా మోగేది. మోగిందని సంతోషపడ్డాను కూడా.

ఆ మరుసటి ఎండాకాలం నాకు పెళ్లయింది. రేగోడ్ పిల్ల. ఇంటి నిండా జనం ఉన్న చోట కొత్త మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడానికి సందు ఎక్కడ దొరుకుతుంది? మా ఇద్దరి మధ్య మొదటి నెలల్లో నడిచిన మాటలన్నీ "అన్నం పెట్టనా", "పెట్టు" దాకానే. అట్లాంటప్పుడు అవ్వకు, అంటే మా అమ్మకు, మొక్కు గుర్తొచ్చింది. కోడలిని ఏడుపాయల దుర్గమ్మకు చూపిస్తానని మొక్కుకుందట. భక్తులను దింపడానికి పోతున్న కారులో ఆమెను కూడా ఎక్కించింది.

తిరుగు దారిలో కారు ఖాళీ. ఇంజను వేడెక్కితే మంజీర పాయ పక్కన ఆపాను. ఆమె కారు దిగి, కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకోవడానికి టైరు మీద చెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. టైరు మీద అరచేతిని ఇటు అంచు నుంచి అటు అంచుకు నెమ్మదిగా జరిపింది.

"ఇగో, మీ టైరు నడుమల మాడుతున్నది. అంచులు పచ్చిగున్నయి" అంది.

"పచ్చిగుండుడేంది? గదేమన్న రొట్టెనా?"

"రొట్టెనే అనుకోండ్రి. నడుమల మాడి అంచులు కాలకపోతె తప్పు రొట్టెది గాదు, పెంకది. జర మీరు కూడ చెయ్యి పెట్టి చూడుండ్రి."

పెట్టి చూశాను. నిజంగానే నడుమ కాలుతోంది, అంచులు చల్లగా ఉన్నాయి. మొదట నవ్వాను. కారు ఎక్కాక నవ్వు ఆగిపోయింది. గాలి ఎక్కువై టైరు నడుమ ఉబ్బితే రోడ్డుకు తగిలేది ఆ నడుమ భాగమే. అంటే ఇంత వెడల్పు టైరు పెట్టుకుని నేను దారమంత మేర మీద ఉరుకుతున్నాను. జారక ఏం చేస్తుంది? రేగోడ్‌లో జొన్నరొట్టె తట్టి పెరిగిన అరచెయ్యి, రొట్టె కాల్చే పెంక వేడిని రోజూ చూసి చూసి ఉన్న చెయ్యి, నాకు ఇన్నాళ్లుగా తెలియనిది ఒక్క ముల్లు తీసుకునే లోపల చెప్పింది.

ఇంటికి రాగానే నాలుగు టైర్లలో కొంచెం గాలి తీశాను. తీశాక ఎట్లా ఉందో చూడాలంటే ఆ చెయ్యి కావాలి. ఆ చెయ్యి కావాలంటే మళ్లీ ఏడుపాయల పోవాలి. అవ్వతో, కోడలికి దుర్గమ్మ మీద మనసు పడ్డదని చెప్పాను. అవ్వ మురిసిపోయింది. అట్లా ప్రతి వారం ఒకరోజు పొద్దున్నే, కిరాయి ఉన్నా లేకపోయినా, ఇద్దరం బయలుదేరేవాళ్లం. ఇంత భక్తి ఉన్న కొత్త జంట మా వీధిలో ఎన్నడూ లేదని పేరొచ్చింది. దుర్గమ్మ తల్లి ఏమనుకుందో గాని మమ్మల్ని ఏమీ అనలేదు. మేము కూడా పోయినప్పుడల్లా దండం పెట్టే వచ్చేవాళ్లం.

ఆ దారి మలుపులన్నీ మాకు బడి. గాలి మరీ తక్కువైతే అంచులు కాలేవి, నడుమ చల్లబడేది. మలుపుల్లో బరువు మోసే పక్క టైరు ఎక్కువ వేడెక్కేది, దానికి కాస్త గాలి కలపాలి. ఆమె కారు దిగి నాలుగు టైర్ల మీద వరసగా చెయ్యి పెట్టేది. కళ్లు మూసుకుని ఒక్కొక్కదాని కబురు చెప్పేది. "ఇది మంచిగుడికింది. ఇది ఇంకా పిండే." నేను గాలి మార్చేవాణ్ణి. మా ఇద్దరికీ మాటలు కూడా ఆ రోడ్డు మీదే వచ్చాయి. ముందు టైర్ల గురించి మాట్లాడుకున్నాం, తరవాత వాళ్ల ఊరి గురించి, తరవాత ఇంట్లో ఎవరి ముందూ అనలేని మాటలు. అందుకే ఆ రబ్బరు వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు.

ముగ్గుగీత కూడా ఆమె ఆలోచనే. మలుపులో టైరు ఒక పక్కకు ఎంత ఒరుగుతుందో చేతికి తెలియదు. అందుకని బయలుదేరే ముందు టైరు అంచు మీదుగా పక్కకు ముగ్గుపిండితో ఒక గీత తీసేది. మలుపులు దాటి వచ్చాక ఆ గీత ఎంతవరకు చెరిగిందో చూసేవాళ్లం. అసలు చెరగకపోతే గాలి ఎక్కువ. టైరు పక్క మీది అక్షరాల దాకా చెరిగితే తక్కువ. రెంటికీ నడుమ ఆగితే ఆమె మొహం వెలిగేది. వీధిలో వాళ్లు అదంతా దిష్టికి అనుకున్నారు. పంక్చర్లు వేసే సాయిబు మాత్రం మా టైర్లు చూసి, "అరే భాయ్, ముగ్గు ఏసిండ్రు, మల్ల తోరణం గట్టరా?" అని అడిగేవాడు. ఆయన దగ్గరే గాలి కొలిచే గొట్టం ఉండేది. ఎప్పుడు అడిగినా లేదనకుండా ఇచ్చాడు, ఆయన చల్లగా ఉండాలి.

పందెం దగ్గరపడ్డాక కొత్త టైర్లు వేయించమని అందరూ చెప్పారు. అరిగిన టైర్లతో పందేనికి పోవడమంటే మాసిన బట్టలతో పెళ్లికి పోవడమని వాళ్ల లెక్క. మేము కొత్తవీ వేసి చూశాం. ఏడుపాయల దారిలో కొత్త టైర్లు మలుపు మలుపుకూ మెత్తగా కదిలేవి, తొందరగా కాలిపోయేవి. సగం అరిగిన పాతవే పొడినేలను గట్టిగా పట్టుకున్నాయి. "కొత్త చెప్పులు కాలును కరుస్తయి, పాతయి కాలు మాట ఇంటయి" అంది ఆమె. పాతవే ఉంచాం. ఇంకో మాట కూడా నాతో బాగా వల్లె వేయించింది. "పెంక కాలందే రొట్టె ఎయ్యరు. టైర్లు కాలేదాక మలుపులల్ల తొందరపడకుండ్రి. మస్తు కాల్చినా మాడ్తయి, అది గూడ యాదుంచుకోండ్రి."

పందెం రోజు ఇంటిల్లిపాదీ వచ్చారు. అవ్వ కొడుకు గెలుస్తుంటే చూడాలని వచ్చింది. నాయిన కారు అమ్మాలో వద్దో తేల్చుకోవడానికి వచ్చాడు. కొనేవాణ్ణి కూడా అప్పటికే చూసి పెట్టాడని దారిలోనే చెప్పాడు. చెప్పి, నా భుజం మీద తట్టాడు. ఆ తట్టడానికి అర్థం ఏమిటో నాకు తెలియలేదు.

మైదానంలో నేను నంబరు తీసుకోవడానికి వరసలో నిలబడ్డాను. మలుపులు ఎట్లా ఉన్నాయో చూసొస్తానని నా భార్య అటు నడిచింది. నాయిన చాయ్ బండి దగ్గర ఉన్నాడు. కారు దగ్గర అవ్వ ఒక్కతే.

అవ్వ పుట్టిల్లు బండ్లు కట్టే ఇల్లు. జాతరకు బండి బయలుదేరాలంటే ముందు దాని ఇరుసుకు కందెన పడాలి. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నూరిన ఆ కందెన వాళ్ల నాయిన స్వయంగా చేసేవాడట. కందెన తాగిన చక్రం చప్పుడు లేకుండా గాలిలా తిరుగుతుందని అవ్వ మాకు చిన్నప్పటి నుంచి చెప్పేది. ఆమె కొడుకు పందెంలో బండి నడుపుతున్నాడు. నాలుగు చక్రాలు ఎండిపోయి ఎదురుగా ఉన్నాయి. ఇంకేం కావాలి? ఇంటి నుంచి చెంబు నిండా చేసి తెచ్చిన కందెనను పాతగుడ్డతో నాలుగు టైర్లకూ శ్రద్ధగా, ఎక్కడా వదలకుండా పట్టించింది. పట్టించి, మీద పసుపూ కుంకుమా పెట్టింది.

నా భార్య తిరిగొచ్చి అలవాటుగా టైరు మీద చెయ్యి పెట్టింది. చెయ్యి నల్లగా మెరుస్తూ వచ్చింది. అప్పుడే నంబరుతో వచ్చిన నేను ఆ చెయ్యి చూశాను. జిడ్డు పట్టిన టైరు నేలను ఏం పట్టుకుంటుంది? ఎండాకాలం నుంచి మేము పడ్డ పాటు మొత్తం ఆ చెంబులో పోయింది.

"ఎందుకట్ల జూస్తున్రు?" అంది అవ్వ. "చక్రమన్నంక కందెన పెట్టద్దా? కందెన లేకుంటె బండెట్ల ఉరుకుతది?"

నాకు కోపం తన్నుకొచ్చింది. అరిచేవాణ్ణే. నా భార్య నా ముందుకొచ్చి నిలబడి, "అత్తమ్మా, జర ఎక్కువైనట్టున్నది. పైపైది తుడుద్దాం. ఆ చాయ్ బండాయన పొయ్యిల బుగ్గి ఉంటది, అడిగి తెస్తరా?" అంది. జిడ్డుగిన్నె తోమినంత మామూలుగా అంది. అవ్వ బుగ్గి తెచ్చింది. అయితే అవ్వ పిచ్చిది కాదు. మేమిద్దరం బుగ్గి చల్లి, కొబ్బరిపీచుతో రుద్ది, నీళ్లు పోసి, మళ్లీ బుగ్గి చల్లుతున్న తొందర చూసి తను చేసిందేమిటో గ్రహించింది. చేతిలో చెంబు కింద పెట్టి అక్కడే కూలబడింది.

అవతల నా నంబరు పిలుస్తున్నారు. అప్పుడు నాయిన వచ్చాడు. ఏమైందని అడగలేదు, చూస్తే తెలిసిపోతోంది. ధోతి పైకి చెక్కి, నా పక్కన గొంతుకూర్చుని, నా చేతిలోని పీచు లాక్కుని టైరు తోమడం మొదలుపెట్టాడు. కొనేవాణ్ణి చూసి పెట్టిన మనిషి! ఊరికే నిలబడి ఉంటే తను అనుకున్నది దానంతట అదే జరిగిపోయేది. ఆ వయసులో, మోచేతుల దాకా మసి పూసుకుని, చెమట కళ్లలో పడుతున్నా ఆపకుండా తోమాడు. దారిలో ఆయన నా భుజం ఎందుకు తట్టాడో నాకు అప్పుడు తెలిసింది.

నేను సీట్లో కూర్చున్నాక నా భార్య కిటికీ దగ్గరకొచ్చింది. "చమురు లోపటికి ఇంకింది. కాలినకొద్ది ఎల్లిపోతది. అప్పటిదాక అందర్ని పోనియ్యుండ్రి. పరేషాన్ గాకుండ్రి" అంది.

అందరినీ పోనిచ్చాను. మొదటి మలుపులోనే కారు వెనక భాగం అడ్డంగా తిరిగింది, జనం గొల్లుమన్నారు. పోయినేడు కావలి కాసిన చోటే ఈ యేడూ కాస్తున్నాను. స్టీరింగు మీద చేతులు బిగుసుకుపోతుంటే, పెంక కాలలేదు, ఇంకా కాలలేదు అని గొణుక్కుంటూ నడిపాను. ఒక్కొక్క చుట్టుకూ జారుడు కొంచెం కొంచెం తగ్గింది. ఆముదం కాలిన వాసన మొదట గుప్పుమని, తరవాత పలచబడి, ఇక రావడం మానేసింది. తరవాతి మలుపులో కారు నేలను పట్టుకుంది. అది చెవికి వినపడదు, కంటికి కనపడదు, కూర్చున్న చోట తెలుస్తుంది. ఇక ఆగలేదు. ముందున్నవాళ్లు నా పోయినేటి తెలివితోనే గాలి కొట్టించుకున్నట్టున్నారు, మలుపు మలుపుకూ జారుతున్నారు. ఒకాయన గడ్డిలోకి పోయాడు. ఇంకొకాయన టైరు పేలింది. నేను ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాను. ఆఖరి మలుపులో నా ముందు మూడో కారు ఉంది. నా బానెట్ దాని వెనక తలుపు దాకా వచ్చింది. అంతలోనే ముగింపు గీత దాటేశాం.

నాలుగోవాణ్ణి. ఇంకొక్క చుట్టు ఉంటే అనుకున్నాను. లేదు.

కారు మా వాళ్ల దగ్గర ఆపి దిగాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నా చేతులతోనే నీ కారు అమ్మిపిచ్చిన కొడుకా" అంది. మాట మాటే కాబట్టి తాళంచెవి తీసి నాయిన ముందు చాపాను. ఆయన తాళంచెవి వంక చూడలేదు. అవ్వ వంకే చూశాడు.

"ఎందుకేడుస్తున్నవే?" అన్నాడు ఆమెతో. "పోయినేడు కందెన పెట్టలే, నీ కొడుకు ఆఖరుకొచ్చిండు. ఈయేడు నువ్వు కందెన పెట్టినవ్, నాలుగోనిగ వచ్చిండు. నీ కందెనకే గదా ఇందరిని దాటిండు. ఇంకొక్కయేడు పెట్టి చూస్తె తెలుస్తది. గిసుంటి టైముల కారెట్ల అమ్ముత?"

అవ్వ ఏడుపు ఆపింది. నమ్మాలని ఉంది, నమ్మకం కలగడం లేదు. మొగుడి మాట వదిలి కోడలి వైపు తిరిగింది.

"నిజమేనా బిడ్డా?"

నా భార్య అరచేతులు ఇంకా మసితో నల్లగానే ఉన్నాయి. ఏడుపాయల దారిలో ఆ చేతులు ఎన్నిసార్లు కాలాయో నాకు తెలుసు. నాలుగో స్థానం అన్నది ఎవరిదైనా అయితే అది ఆమెది. అవ్వ పక్కన కూర్చుని, ఆ చేతులతోనే అవ్వ చేతులు పట్టుకుని, కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నిజమే అత్తమ్మా. మీ కందెనతోనే."

అవ్వ లేచి కొంగుతో కళ్లు తుడుచుకుని కారెక్కింది.